దీపం ఉన్నంతసేపు

మా ఆయనా నేనూ ఫోనులో ముందుగా ఒకరినొకరం అడిగే మాట "తిన్నావా" అని కాదు, "కరెంటు ఉందా" అని. ఆయన నాగాయలంక అవతల రొయ్యల చెరువుల మీద పని చూస్తారు. చెరువులో రొయ్యకి గాలి అందాలంటే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. కరెంటు పోయిందంటే పరుగున వెళ్ళి జనరేటరు వెయ్యాలి, లేకపోతే నెలల తరబడి పెంచింది తెల్లారేసరికి నీళ్ళ మీద తేలుతుంది. నేను బందరులో, అద్దె ఇంటి పైవాటాలో, లాప్‌టాప్ ముందు కూర్చుని ఎక్కడెక్కడి పిల్లలకో తెలుగు చదవడం నేర్పుతాను. కరెంటు పోతే నా క్లాసు ఇన్వర్టరు మీద కాసేపు కుంటుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. అందుకని మా ఇద్దరి క్షేమసమాచారాలూ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి. "ఉంది" అంటే అంతా బాగానే ఉందని. "పోయింది" అంటే మళ్ళీ చేస్తానని.

చెరువులో రొయ్యపిల్ల వేశాక పట్టుబడి అయ్యేదాకా ఆయన కదలడానికి ఉండదు. ఎప్పుడైనా వీలు చూసుకుని వచ్చినా పొద్దున దిగి, మధ్యాహ్నం భోంచేసి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతారు. విడిచిన చొక్కాకి చెరువు వాసన, మేత వాసన ఉంటాయి. ఆ చొక్కాని నేను వెంటనే తడపను. రెండు మూడు రోజులు తలుపు వెనక కొక్కేనికి అలాగే ఉంచుతాను. అడిగేవాళ్ళెవరూ లేరు కాబట్టి సమాధానం చెప్పుకోవలసిన పనీ లేదు.

ఇంట్లో నేనూ, ఇద్దరు పిల్లలూ. పెద్దాడికి ఐదేళ్ళు. చిన్నదానికి మూడు దాటాయి. కింద వాటాలో ఇంటివాళ్ళు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి పోయి దీపాలవేళకి వస్తారు. సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పుగాలికి మా కిటికీ ఊచలు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతుంటాయి. రోజూ ఊడ్చేటప్పుడు ఆ తుప్పు పొడిని చేటలోకి ఎత్తుతూ, ఈ రోజు పెద్దవాళ్ళెవరితోనైనా మాట్లాడానా అని లెక్క చూసుకుంటాను. పాలబ్బాయిని కలుపుకుంటే మాట్లాడినట్టే.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మాది కూచిపూడి దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. దుమ్ము తగిలినా, పొగ తగిలినా ఊపిరి అందేది కాదు. బళ్ళో వేసిన నెలలోనే నన్ను ఇంటికి మోసుకొచ్చారట. అప్పటి నుంచి మా నాయనమ్మే నా బడి. ఆవిడ బడిపంతులుగారి కూతురు. పుస్తకాలంటే భయం లేదు. కానీ పొద్దస్తమానం వంటింట్లో పని. నేను ఆ పొగలోకి వెళ్ళకూడదు. అందుకని ఆవిడ లోపల పొయ్యి దగ్గర, నేను బయట వసారా చివర. మధ్యలో రెండు గదులు. పాఠమంతా అరుపుల మీదే నడిచేది.

"వినపడట్లా! తిరగమోతలో మునిగిపోయింది నీ చదువు. మళ్ళీ మొదట్నుంచి!"

నేను మళ్ళీ అందుకునేదాన్ని. సగంలో రొప్పు వచ్చేది. అప్పుడు లోపలి నుంచి గరిటె చప్పుడు ఆగిపోయేది.

"ఊపిరి తీసుకో. కంగారు లేదు. నేనెక్కడికీ పోను."

ఆ మాట వినడానికే ఒక్కోసారి లేని రొప్పు తెచ్చుకునేదాన్ని. అలా అరిచి చదివి చదివి నా ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని ఇంట్లో అనేవాళ్ళు. పదో తరగతీ, ఆ పైనా అన్నీ ప్రైవేటుగానే కట్టాను. ఈ రోజు నాలుగు మెతుకులు తెస్తున్న నా గొంతు ఆ వసారాలో తయారైందే. పొద్దున దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆ వంటింటికి కూడా ఒక దండం వేరుగా పెట్టుకుంటాను.

ఈ ఉద్యోగం వచ్చింది కూడా గొంతు వల్లే. హైదరాబాదులో ఉన్న ఒక చిన్న సంస్థ, ఇంగ్లీషు బళ్ళలో చదివే పిల్లలకి సాయంత్రాలు ఆన్‌లైన్‌లో తెలుగు చదివించే క్లాసులు పెడుతుంది. ఫోనులో నా చేత ఒక కథ చదివించుకున్నారు. "మీ వాయిస్ చాలా క్లియర్‌గా ఉందండీ" అన్నారు. ఇంట్లోనే ఉండి పిల్లల్ని చూసుకుంటూ చేసుకునే పని, అదీ అక్షరాలతో పని. స్వామి చల్లగా చూశాడనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

చేరిన కొత్తలో ఒక సాయంత్రం క్లాసు నడుస్తుండగా కుక్కరు కూసింది, దానికి బెదిరి చిన్నది ఏడుపు లంకించుకుంది, దాన్ని ఊరుకోబెట్టబోయి పెద్దాడు మంచినీళ్ళ చెంబు దొర్లించాడు. నేను మ్యూట్ నొక్కేలోపే అంతా అయిపోయింది. మర్నాడు పొద్దున క్లాసులు చూసే అమ్మాయి ఫోన్ చేసింది. ఫోను స్పీకర్లో ఉంది, నా చేతులకి పిండి అంటుకుని ఉండటం వల్ల.

"మేడమ్, ఏమీ అనుకోకండి. ఒక పేరెంట్ అడిగారు, క్లాసులో ఎవరో పిల్లలు ఏడుస్తున్నారంట. మళ్ళీ అలా వినపడితే ఆ బ్యాచ్ వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుందండీ."

ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. పెద్దాడు ఎదురుగా పీట మీద కూర్చుని దోసె తింటున్నాడు. నమలడం ఆపేశాడు.

ఆ సాయంత్రమే నేను దీపం పద్ధతి పెట్టాను. అసురసంధ్య వేళ హాల్లో గూట్లో దీపం పెట్టడం నాకు అలవాటు. మా నాయనమ్మ పెట్టేది, నేనూ పెడతాను. ఆ వేళకే నా క్లాసులు మొదలవుతాయి. కుందిలో నా రెండు బ్యాచులకీ సరిపడేంత నూనె పోశాను. పిల్లలిద్దర్నీ గూటి ముందు నిలబెట్టి చెప్పాను.

"దీపం వెలుగుతున్నంతసేపు అమ్మ పాఠం చెప్తుంది. మీరు గట్టిగా మాట్లాడకూడదు, నన్ను పిలవకూడదు. దీపం కొండెక్కగానే అమ్మ వచ్చేస్తుంది. సరేనా?"

గడియారం చూడటం రాని పిల్లలకి దీపం కన్నా తేలికైన గడియారం ఏముంటుంది? పైగా దేవుడి ఎదుట పెట్టిన మాట. పిల్లలు నేననుకున్న దానికన్నా బాగా పట్టుకున్నారు. గది తలుపు ఓరగా ఉంచి పాఠం చెబుతుంటే, హాల్లో చాప మీద ఇద్దరూ కూర్చుని బొమ్మలు సర్దుకుంటూ కనిపించేవాళ్ళు. చిన్నది గొంతు లేపబోతే పెద్దాడు "ష్" అని గూటి వైపు చూపించేవాడు. అది వాడి చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసలాడేది. చూడముచ్చటగా ఉండేది. ఇంత బుద్ధిమంతులైన పిల్లల్ని ఇచ్చినందుకు రోజూ క్లాసు అయ్యాక స్వామికి దండం పెట్టుకునేదాన్ని.

సాయంత్రం బ్యాచులు పెరిగాయి. కుందిలో నూనె పెరిగింది.

చిన్నదాన్ని అంగన్‌వాడీలో వేసిన కొన్నాళ్ళకి, తీసుకురావడానికి వెళ్ళినప్పుడు టీచరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"ఏవండీ, పాపకి గొంతు బాలేదా?"

"బానే ఉందండీ. ఏం?"

"మరి ఎప్పుడూ గుసగుసలేనండీ. గుడ్డు కావాలన్నా వచ్చి నా చీర లాగి చెవిలో చెప్తది. పాటలప్పుడు నోరు కదుపుద్ది, శబ్దం ఉండదు. మీరు టీచరు గదా, ఇంట్లో గమనించలేదా?"

గమనించలేదని ఎలా చెప్పను? రోజంతా నా చెవి దగ్గరికి వచ్చి మాట్లాడుతుంటే గారం అనుకున్నాను. నడుచుకుంటూ ఇంటికి వస్తూ గుర్తు చేసుకున్నాను, దీని గొంతు గట్టిగా ఎప్పుడు విన్నానని. మోపిదేవిలో చెవులు కుట్టించిన రోజు ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. గుడి బయట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆ రోజు ఆయన పిల్లని భుజాన వేసుకుని, "నీ నోరేనే దీనికి, నీ నోరే వచ్చింది" అని నవ్వారు. ఆ తర్వాత ఇంకేమీ గుర్తు రాలేదు.

డాక్టరు గారికి చూపించాను. చెవులు చూశారు, గొంతు చూశారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి, ఇంట్లో బాగా మాట్లాడించండి అన్నారు. "మీరేం చేస్తారమ్మా?" అని అడిగారు. పిల్లలకి పైకి చదవడం నేర్పుతానని చెప్పాను. ఆయన తల ఊపి మందులచీటీ మీద ఏదో టానిక్కు రాశారు.

నా పనిలో నేను రోజూ ఎక్కువసార్లు అనే మాట ఒకటే. "గట్టిగా చదువమ్మా, వినపడట్లేదు." తెర మీద గడుల్లోంచి ఎవరో ఒక పాప బెరుకుగా నోరు మెదిపితే, "ఇంకొంచెం. శభాష్. ఇంకొంచెం" అని బతిమాలుతాను. అదే గొంతుతో మా పాపని అడిగితే అది నా మొహంలోకి చూసి, చాప మీదకి వెళ్ళి కూర్చుంది.

గుడివాడలో మా అత్తగారికి ఈ సంగతి ఆయన చెప్పారు. ఆవిడ దగ్గర మా బావగారి కుటుంబం ఉంటుంది. బావగారి పిల్లలు, వాళ్ళ కోసం వచ్చే వీధిలో పిల్లలు, పై అంతస్తులో టీవీ, కింద మిక్సీ. ఆ ఇంట్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని కేకేస్తూనే ఉంటారు. అత్తయ్య ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నేను నిన్ననడానికి చేయలా. చిన్నదాన్ని నా దగ్గరికి పంపు. ఈ గోలలో పడితే అదే నోరు తెరుస్తుంది. ఇక్కడ నోరు లేకపోతే ఇడ్లీ కూడా దక్కదు."

"చిన్నపిల్ల కదా అత్తయ్యా, నన్ను వదిలి..."

"నీ దగ్గరుండి నీతో ఉన్నట్టా అది? చెప్పు. సాయంత్రమంతా తలుపవతలే కదా. ఈ ఏడాది ఇక్కడ బళ్ళో వేద్దాం. మాటలొచ్చాక తెచ్చుకుందువుగాని."

ఆవిడ మాటలో విషం లేదు. ఆయన్ని అడిగి చెప్తానన్నాను.

ఆయన ఫోన్ చేసినప్పుడు అడిగాను. వెనక ఏరియేటర్లు నీళ్ళని చిమ్ముతున్న హోరు.

"అమ్మ చెప్పింది నిజమేనేమోనే. ఈ పంట అయ్యేదాకా ఉంచుదాం. ఏమంటావ్?"

"మీరెలా అంటే అలాగే."

"నువ్వేమంటావో చెప్పు."

"నేనేమంటానండీ. పిల్ల బాగుపడాలనేగా అందరం చెప్పేది."

వద్దన్న మాట ఆయన నోటి నుంచి రావాలని ఎదురుచూశాను. నా నోటి నుంచి రావాలని ఆయనా ఎదురుచూశారేమో. అత్తయ్య వచ్చి, వచ్చే ఆదివారం పిల్లని తీసుకువెళ్ళేటట్టు అనుకుని ఫోను పెట్టేశాం.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాన పట్టింది. దీపం పెట్టి క్లాసు మొదలుపెట్టానో లేదో నెట్ పోయింది. ఫోనులోనూ సిగ్నల్ లేదు. కాసేపు చూశాను. ఇక రాదని తేలాక లాప్‌టాప్ మూసేశాను. ఎప్పుడూ దొరకని సాయంత్రం ఒకటి ఊరికే చేతికొచ్చినట్టయింది. ఉల్లిపాయ పకోడీ వేసి పిల్లలతో కూర్చుందామని హుషారుగా హాల్లోకి వచ్చాను.

"రేయ్, క్లాసు లేదు రా! రండి, పకోడీలు వేస్తాను."

ఇద్దరూ తలెత్తి చూశారు. పెద్దాడు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. రెండో చేత్తో గూటి వైపు చూపించాడు. దీపం నిలకడగా వెలుగుతోంది. నిండా నూనె ఉంది.

"ఫర్వాలేదు రా, నెట్ పోయింది. అమ్మకి పని లేదు."

వాడు నమ్మలేదు. చిన్నది వాడి చెవిలో ఏదో చెప్పింది. వాడు దాని చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ మళ్ళీ బొమ్మల వైపు తిరిగారు. అంతకుముందు ఎన్నిసార్లో నేనే నేర్పాను, ఒక్కసారి కూడా మినహాయింపు ఇవ్వకుండా. దేవుడి ఎదుట పెట్టిన మాట అని నేనే అన్నాను.

దీపాన్ని ఆర్పవచ్చు. కానీ కావాలని ఆర్పడం నా వల్ల కాదు. సంధ్యవేళ వెలిగించిన దీపాన్ని పని అయిపోయిందని ఆర్పేసే చెయ్యి మా ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని గడప మీద కూర్చున్నాను. బయట వాన. చూరు మీద నుంచి పడే నీళ్ళ చప్పుడు. లోపల నా పిల్లలిద్దరూ నాకు నాలుగు బారల దూరంలో, నాకు వినపడకుండా మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకోవాలని చెవి రిక్కించాను. వాన చప్పుడులో అందలేదు. ఫోను చూశాను, సిగ్నల్ లేదు. ఉన్నా ఎవరికి చెయ్యను, ఏమని చెప్పను? నా ఇంట్లో నేను, నా వంతు ఎప్పుడొస్తుందా అని డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

వానతో పాటు చీకటి కూడా బాగా పడ్డాక దీపం సన్నబడి, ఒకసారి నీలంగా నిక్కి కొండెక్కింది. చిన్నది లేచి వచ్చింది. నా ఒళ్ళో ఎక్కి, మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో గుసగుసగా అంది.

"అమ్మా, వచ్చావా?"

ఎక్కడి నుంచి వచ్చానని చెప్పను? వచ్చాను తల్లీ అన్నాను.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాలని చూశాను. ఇక దీపం ఉన్నా మాట్లాడుకోవచ్చు, పిలవచ్చు అని చెప్పాను. పెద్దాడు వెంటనే అడిగాడు.

"మరి వాళ్ళు ఫోన్ చేస్తారుగా?"

"ఎవరు?"

"నీ బ్యాచ్ తీసేసేవాళ్ళు."

ఆ రోజు దోసె నమలడం ఎందుకు ఆపాడో అప్పుడు తెలిసింది. వాడి "ష్" ఆగలేదు, దాని గుసగుసా ఆగలేదు. స్వామీ, దీని నోరు దీనికి ఇవ్వు, మోపిదేవి వచ్చి పుట్టలో పాలు పోసుకుంటాను అని మొక్కుకున్నాను. ఇంతకాలం కృతజ్ఞతలు చెప్పుకోవడానికే దేవుడి గూటి ముందు నిలబడినదాన్ని. అడగడం అలవాటు తప్పింది, మాటలు సరిగ్గా కూడలేదు.

శనివారం మధ్యాహ్నం అత్తయ్య గుడివాడ బస్సులో దిగారు. మెట్లెక్కుతూనే అన్నారు.

"ఏవిటే ఈ ఇల్లు! చెప్పులు విడిచి గుళ్ళోకి వచ్చినట్టుందే."

చిన్నది వెళ్ళి ఆవిడ చీర పట్టుకుంది. ఆవిడ వంగితే చెవిలో ఏదో చెప్పింది.

"ఏవిటీ? చెవిలో ఈగ తిరిగినట్టుంది తప్ప ముక్క అర్థం కాలా. మా ఊళ్ళో గిరాకీ ఉండదమ్మా ఈ మాటలకి."

పెద్దాడు మధ్యలో వచ్చి అనువదించాడు. "లడ్డూ తెచ్చావా అంటోంది మామ్మా."

"బందరు వచ్చే మామ్మ లడ్డూ తేవడమేంటిరా? బందరు నుంచి నేను పట్టుకెళ్ళాలి గానీ!"

భోజనాలయ్యాక చిన్న సంచిలో దాని గౌన్లు సర్దాను. రెండు కొత్తవి, మిగతావి ఇంట్లో వేసుకునేవి. తల దువ్వుకునే చిన్న దువ్వెన పెట్టాను, మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టాను. అది పక్కనే కూర్చుని ఒక్కో గౌను మడతనీ నిమురుతూ చూసింది.

సాయంత్రం దీపం పెట్టి క్లాసుకి కూర్చున్నాను. పొద్దున ప్రయాణం కాబట్టి అత్తయ్య పెద్దాణ్ణి వెంటబెట్టుకుని వీధి చివర మిఠాయి కొట్టుకి వెళ్ళారు, గుడివాడ పిల్లలకి లడ్డూలు కొనడానికి. చిన్నది చాప మీద ఒక్కతే ఉంది. తలుపు ఓరగా ఉంచి అది కనపడేటట్టు కూర్చున్నాను. కాసేపటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. హాల్లో లైటు లేదు, గూట్లో దీపమే. తెర మీద ఒక బాబు నక్క గురించి చదువుతున్నాడు.

అప్పుడు హాల్లో ఫోను మోగింది. ఆయన. అక్కడా కరెంటు పోయి ఉంటుంది, అందుకే ఈ వేళకి చేసి ఉంటారు. మామూలుగా పెద్దాడు తీసి, మెల్లగా "అమ్మ క్లాసు" అని పెట్టేస్తాడు. ఈ రోజు వాడు లేడు. చిన్నది ఫోను చేతిలోకి తీసుకుంది. అన్న ఎక్కడ నొక్కుతాడో చూసి ఉంది కాబట్టి అక్కడే నొక్కింది. స్పీకర్లోంచి జనరేటరు భగభగమని హోరు.

"హలో! హలో! కరెంటు ఉందా?"

అది ఫోనుని నోటికి ఆనించి ఏదో అంది. నాకే వినపడలేదు, ఆయనకేం వినపడుతుంది?

"హలో? ఎవరూ? జనరేటరు మోతలో ఏం వినపడట్లా! గట్టిగా!"

మళ్ళీ గుసగుసే. పెదాలు కదలడం దీపం వెలుగులో కనిపిస్తోంది.

"హలో! వినపడట్లా! పెట్టేస్తున్నా!"

అది గూటి వైపు చూసింది. తర్వాత తలుపు సందులోంచి నా వైపు చూసింది. నేను లేచి వెళ్ళి ఫోను అందుకోవచ్చు. రెండంగల పని. మ్యూట్ నొక్కవచ్చు, వేలు దాని మీదే ఉంది. తెర మీద బాబుతో, "ఒక్క నిమిషం ఆగు నాన్నా" అన్నాను. మ్యూట్ మీద నుంచి వేలు తీసేశాను. పిల్ల వైపు తిరిగి, తెర మీద పిల్లలందరూ వింటుండగానే, మెల్లగా అన్నాను.

"ఊపిరి తీసుకో తల్లీ. నేనెక్కడికీ పోను."

దాని బుల్లి ఛాతీ నిండటం చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నాన్నా! కరెంటు ఉందా?"

ఇల్లంతా మోగింది. దాని గొంతుకి అదే ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కి వేసింది. అవతల ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు, ఎందుకంటే ఇటు తెర మీద గడులన్నీ ఒక్కసారి లేచాయి.

"మాకు ఉంది టీచర్!"

"మాకు పోయి వచ్చింది!"

"మాకు ఎప్పుడూ పోదు టీచర్!"

"ఎవరు టీచర్ ఆ పాప?"

"మా పాప" అన్నాను. ఇన్నాళ్ళ నుంచీ వాళ్ళకి చదువు చెబుతున్నాను, నాకు పిల్లలున్నారని వాళ్ళకి తెలియదు. కాసేపు నక్క సంగతి ఎవరికీ పట్టలేదు. చిన్నది ఫోను పట్టుకుని గది గుమ్మంలోకి వచ్చి, తెర మీద మొహాల్ని చూస్తూ నిలబడింది. దాని చేతిలో ఫోను అప్పటికే కట్టయింది.

మెట్ల మీద అత్తయ్య రొప్పుతూ వచ్చారు.

"ఎవర్ని కొట్టావే? ఆ కేక వీధి మలుపు దాకా వచ్చింది!"

"నేను కాదు అత్తయ్యా. మీ మనవరాలు."

ఆవిడ పిల్లని చూశారు. లడ్డూల పొట్లం చాప మీద పెట్టి చతికిలపడ్డారు. పెద్దాడు అలవాటు కొద్దీ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. అత్తయ్య వాడి వేలు పట్టుకుని కిందికి దించారు.

"నువ్వూరుకోరా పెద్దమనిషీ. అరవనీ దాన్ని."

ఆ రాత్రి అన్నాలప్పుడు అది మళ్ళీ గుసగుసలే. ఇంకా అన్నం కావాలని నా చెవిలోనే అడిగింది. వడ్డించాను. పొద్దున బయల్దేరేటప్పుడు ఆవిడ గౌన్ల సంచి వైపు చూసి, చేత్తో పక్కకి నెట్టారు.

"లడ్డూలు చాలు నాకు మొయ్యడానికి. దీన్ని నువ్వే చూసుకో. కానీ అమ్మాయ్, ఒక మాట."

"చెప్పండి."

"ఆ దీపంలో నూనె కాస్త తక్కువ పొయ్యి."

ఆవిడ బస్సెక్కాక ఇంటికి వచ్చి గౌన్లు తీసి అరలో పెట్టాను. దువ్వెన దాని చోట పెట్టాను. దేవుడి గూటి ముందు నిలబడి దండం పెట్టుకున్నాను. ఈసారి మాటలు వెతుక్కోలేదు. ఆఖరి బ్యాచ్ ఒకటి వదులుకుంటానని క్లాసులు చూసే అమ్మాయికి మెసేజ్ పెట్టాను. సరేనండీ అని జవాబొచ్చింది. నిన్నటి అరుపు గురించి మాత్రం ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు. చేస్తే ఏం చెప్పాలో అనుకుని పెట్టుకున్నాను. టీచరు ఇంట్లో పిల్లలుంటారండీ, అని.

సాయంత్రం దీపం కొండెక్కాక ఆయన ఫోన్ చేశారు. జనరేటరు మోత లేదు, నీళ్ళ హోరే.

"నిన్న ఫోనులో ఎవరి పిల్లే అది? కింద వాళ్ళింటికి చుట్టాలొచ్చారా?"

హాల్లో చిన్నది, పెద్దాడి చేతిలోంచి బొమ్మ లాక్కుంటోంది. ఇంకా గుసగుసగానే పోట్లాడుతోంది.

"మన పిల్లేనండీ" అన్నాను.

అవతల ఏరియేటర్లు నీళ్ళని ఎగజిమ్ముతున్న చప్పుడు, ఎవరో దూరంగా కేకేసిన చప్పుడు. తర్వాత నేనే అడిగాను.

"కరెంటు ఉందా?"

"ఉంది" అన్నారు. పెట్టెయ్యలేదు.